ఆరు కాళ్లు చాలన్న సిద్ధాంతి

ఆయనకు సిద్ధాంతి అన్న పేరు ఎవరు పెట్టారో ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. పెట్టినవాళ్లు వెక్కిరింపుగా పెట్టారు. ఆయన బిరుదుగా పుచ్చుకున్నాడు. టీ చల్లారిపోయిందని ఎవరైనా అంటే చాలు, కప్పు మందం, గదిలో గాలి, పాల చిక్కదనం అన్నీ కలిపి ఓ సిద్ధాంతం విప్పేవాడు. అది పూర్తయ్యేలోపు రెండో కప్పు కూడా చల్లారేది. వయసు యాభైకి దగ్గరపడింది. జుట్టు పల్చబడింది గానీ, తన మీద తనకున్న నమ్మకం మాత్రం ఒత్తుగానే ఉంది.

లిఫ్టులకు, నీటి పంపులకు కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే కంపెనీ అది. కింద వర్క్‌షాపు, పైన ఆఫీసు, ఆ పైన ల్యాబు. కుర్రతనంలో సిద్ధాంతి అక్కడ ఒక మంచి పని చేశాడు. తలుపు మధ్య మనిషి చెయ్యి పడితే తలుపు వెనక్కి తెరుచుకునే సర్క్యూటు ఒకటి తయారుచేశాడు. అది నిజంగా మంచి సర్క్యూటే, ఇవాళ్టికీ పనిచేస్తోంది. కాకపోతే ఆ ఒక్క ఆవునే కట్టేసుకుని ఉద్యోగమంతా పాలు పిండుకున్నాడు. ఆ తర్వాత ఆయన చేసిందల్లా ఇతరులు చేసినదాన్ని చూసి పెదవి విరవడం. కొత్త పుస్తకం తెరిచి ఎన్నాళ్లయిందో ఆయనకే తెలియదు. ఎవరైనా డేటాషీటు, అంటే చిప్పుతో పాటు వచ్చే వివరాల పుస్తకం, చదువుకుంటూ కనిపిస్తే, "చదివి చేసేది వంట, చూసి చేసేది ఇంజనీరింగు," అనేవాడు. ఆ మాటకు అర్థమేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అలా ఉండగా ఒక కంటి ఆస్పత్రివాళ్లు మాట్లాడే లిఫ్టు కావాలన్నారు. కంటికి కట్టు కట్టించుకుని వచ్చేవాళ్లకు ఏ అంతస్తులో తలుపు తెరుచుకుందో ఎలా తెలుస్తుంది? లిఫ్టే చెప్పాలి. కంపెనీ నడిపే పెద్దాయనకు ఈ ముచ్చట బాగా నచ్చింది. పని సిద్ధాంతికి అప్పగించాడు.

దాని కోసం ఒక కొత్త ప్రాసెసర్ ఎంచుకున్నారు. ప్రాసెసర్లు తయారుచేసేవాళ్లు, కొనబోయేవాళ్లు ముందు ఆడించి చూసుకోవడానికి ఇవాల్యుయేషన్ బోర్డని ఒకటి అమ్ముతారు. అరచేతి కన్నా కాస్త పెద్దది. నడుమ ప్రాసెసర్, చుట్టూ చిన్న దీపాలు, బటన్లు, అంచుల వెంట పిన్నుల బారులు. అన్నీ ఉన్నాయి గానీ, లిఫ్టు పలకాల్సిన మాటలన్నీ పట్టేంత మెమరీ దాని కడుపులో లేదు. బయటి నుంచి సీరియల్ ఫ్లాష్ తగిలించుకోవాలి. అది వేలిగోరంత చిప్పు. డేటాను చీమల బారులా ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటిగా పంపుతుంది. కరెంటు పోయినా, దాచుకున్నది మరిచిపోదు. దానికి ఎనిమిది కాళ్లు.

సిద్ధాంతి ఆ చిప్పును చిన్న పట్టకారుతో పట్టుకుని, ల్యాబులో ఉన్న నలుగురికీ వినబడేలా లెక్క చెప్పాడు. "కరెంటుకొకటి, గ్రౌండుకొకటి. లయ తప్పకుండా తాళం వెయ్యడానికి క్లాకు. డేటా లోపలికి వెళ్లే కాలు, బయటికొచ్చే కాలు. నిన్నే పిలుస్తున్నానని చెప్పడానికి సెలెక్టు. అయిపోయింది. మిగతా రెండూ అలంకారం. ఆరు కాళ్లు చాలు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే బాపతు మనిషి. ఈసారి కుందేలు బదులు చిప్పు దొరికింది, అంతే తేడా. ఆరు కాళ్లకీ ఆరు తీగలు అతికించి బోర్డు అంచున ఉన్న పిన్నులకు తగిలించాడు. నువ్వెవరని ప్రాసెసర్ చిప్పునడిగితే, చిప్పు తన గుర్తింపు సంఖ్య తడుముకోకుండా చెప్పింది. సిద్ధాంతి కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు.

ఇక లిఫ్టుకు గొంతు కావాలి. ఎవరైనా ఆడమనిషి చేత పలికిస్తే వినడానికి బాగుంటుందని పెద్దాయన అన్నాడు. "ఉచ్చారణ ముఖ్యం," అని సిద్ధాంతి తన గొంతే ఎక్కించాడు. 'మొదటి అంతస్తు. తలుపు తెరుచుకుంటోంది.' పరీక్షలో పిల్లలకు ప్రశ్నపత్రం చదివి వినిపించే మాస్టారిలా ఉంది. ఆ సాయంత్రం స్పీకర్లోంచి అది ఖంగుమని వినిపించేసరికి, ఆయన ముఖం చూడాల్సిందే.

మర్నాడు పొద్దున లిఫ్టు 'మూడో అం' అని నోరు మూసుకుంది. ఆ తర్వాత పెనంలో నీళ్లు చిలకరించినట్టు చురచురమని చప్పుడు. ఆపి మళ్లీ మొదలుపెడితే రెండు అంతస్తులు శుభ్రంగా పలికి, నాలుగో దగ్గర గొణగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. టీ వేళకు మళ్లీ చెడింది. చెయ్యి దగ్గరికి తీసుకెళితే ఒకసారి బాగుపడేది, ఇంకోసారి పాడయ్యేది.

తెలిసినవాడెవడైనా ఇది చూస్తే, ఏదో కాలు గాల్లో ఉందని అక్కడే అనేవాడు. సిద్ధాంతికి ఆ ఆలోచనే రాలేదు. ఆయనకు సిద్ధాంతాలు వచ్చాయి. మొదట వేడి అన్నాడు. చిప్పు మీదికి ఫ్యాను తిప్పించాడు. ఫ్యానుకి ఇంకా ఎక్కువ చెడింది. అయితే ఫ్యాను మోటారే కారణమన్నాడు. ల్యాబంతా ఫ్యాన్లు ఆపించాడు. అందరూ చెమటలు కక్కుతూ పనిచేస్తుంటే, వాళ్ల చెమట వల్ల గాలిలో తేమ పెరిగిందన్నాడు. బట్టల రాపిడికి కరెంటు పుడుతుందని, పట్టులాంటి బట్టలు వేసుకున్నవాళ్లు తన బల్ల దగ్గరికి రాకూడదన్నాడు. ఒక చిప్పు తీసేసి ఇంకోటి పెట్టాడు, అదీ అంతే. ఇంకోటి పెట్టాడు. ఇక అప్పుడు తేల్చేశాడు: సరుకు నకిలీది.

ఆడలేక మద్దెల ఓడని ఊరికే అనలేదు పెద్దలు. మద్దెల కొనుక్కొచ్చినావిడ మీద కూడా పడ్డాడు ఈయన.

కొనుగోళ్ల విభాగంలో ఒకావిడ ఉండేది. ఆఫీసులో అందరూ ఆవిడను వదినగారు అనేవారు. మాట తక్కువ, జ్ఞాపకం ఎక్కువ. ఏ స్క్రూ ఎక్కడ దొరుకుతుందో, ఎవరి సరుకు ఎన్నాళ్లు నిలుస్తుందో ఆవిడకు నాలుక చివరే ఉండేది. పెద్దాయన గదిలో అందరినీ కూర్చోబెట్టి సంగతేమిటని అడిగినప్పుడు, సిద్ధాంతి ఆవిడ వైపు చూడకుండా, గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"చవకబారు దుకాణాల్లో కొంటే ఇలాగే ఉంటుంది. పైన అచ్చేసిన అక్షరాలు చూస్తేనే తెలుస్తోంది, అసలు సరుకు కాదని."

"పంపు ప్యానెళ్లలో ఇవే చిప్పులు వాడుతున్నాం," అంది ఆవిడ. "అదే దుకాణం, అదే పెట్టె. పక్క గదిలో పనిచేసేవి మీ బల్ల మీదే ఎందుకు మొరాయిస్తున్నాయి?"

మంచి ప్రశ్న. బుద్ధున్నవాడు అక్కడ ఆగి ఆలోచించేవాడు.

"పంపుకు మాట్లాడే పని లేదు కదమ్మా," అన్నాడు సిద్ధాంతి. ఒకరిద్దరు నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. అదేమీ జవాబు కాదని వదినగారికి తెలుసు. నవ్వినవాళ్లకూ తెలుసు. కానీ నవ్వేశాక ఇక ఆ ప్రశ్న చచ్చిపోయింది. సోమవారానికి ఆధారంతో రమ్మని పెద్దాయన సిద్ధాంతికి చెప్పి లేచాడు.

ఆదివారం బోర్డును ఇంటికి తెచ్చుకున్నాడు. భోజనాల బల్ల మీద ఒక పక్క పరుచుకుని కూర్చున్నాడు. ఆయన భార్య బ్యాంకులో పనిచేసేది. వారానికి సరిపడా చీరలు ఇస్త్రీ చేసుకుంటూ కిటికీ దగ్గర నిలబడి ఉంది. మధ్యలో రెండుసార్లు కాఫీ ఇచ్చింది. రెండుసార్లూ కప్పుకు చోటివ్వకుండా బోర్డు వైపే చూస్తూ అందుకున్నాడు.

ఆధారం కోసం ఆయన డేటాషీటు తెరిచాడు. చిప్పు ఎలా పనిచేస్తుందో తెలుసుకుందామని కాదు. అసలు సరుకైతే ఇలా చెయ్యదు అని చెప్పే వాక్యం ఒకటి పట్టుకుని, రేపు ఆ దుకాణంవాడి ముఖాన కొడదామని. వాక్యం కోసం వెతుకుతూ కాళ్ల వివరాల దగ్గరికొచ్చాడు. ఏడో కాలి పేరు హోల్డు. దానికి బయటి నుంచి కరెంటు అందుతుంటే చిప్పు తన పని తాను చేసుకుపోతుంది. అందకపోతే, చెబుతున్న మాట చెబుతున్నట్టే ఆపేసి నోరు మూసుకుంటుంది. వాడనివాళ్లు దాన్ని కరెంటుకు కట్టేయాలి, గాల్లో వదలకూడదు. చిప్పులో రాసినది చెరిగిపోకుండా కాపాడే మూడో కాలి సంగతీ అంతే. ఇదంతా చిన్న అక్షరాల్లో కూడా లేదు. మామూలు అక్షరాల్లో, మామూలు మాటల్లో, మొదట్లోనే ఉంది.

ఆయన ఆ వాక్యం మళ్లీ చదివాడు. చెవులు వేడెక్కాయి. బోర్డు కేసి చూస్తే, గాల్లో వేలాడుతున్న ఆ రెండు కాళ్లూ తనను వేలెత్తి చూపిస్తున్నట్టున్నాయి.

"ఏమైంది?" అంది భార్య.

"ఏం లేదు."

డబ్బాలోంచి రెండు చిన్న రెసిస్టర్లు తీసి, ఆ రెండు కాళ్లనూ కరెంటు తీగకు కలిపి అతికించాడు. స్విచ్చు వేశాడు. 'మొదటి అంతస్తు' దగ్గర్నుంచి 'డాబా' దాకా ఆయన గొంతు గుక్క తిప్పుకోకుండా ఇల్లంతా మోగింది. చెయ్యి దగ్గర పెట్టినా, ఫ్యాను వేసినా, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి పెట్టినా ఒక్క అక్షరం తడబడలేదు.

"పనిచేసిందా?" అంది ఆవిడ.

"ఆ. చిప్పు మార్చాను," అన్నాడు.

ఆ అబద్ధం ఆడాల్సిన అవసరమే లేదక్కడ. ఆవిడేం పెద్దాయన కాదు, వదినగారూ కాదు. అయినా నోటి నుంచి అదే వచ్చింది. అలవాటైన దారిలో కాళ్లు వాటంతటవే వెళ్లినట్టు. ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఒకసారి ఆయన వైపు చూసి, మళ్లీ చీర మడత సరిచేసుకుంది. ఆయన నల్ల టేపు ముక్క ఒకటి కత్తిరించి రెసిస్టర్ల మీద అతికించాడు.

సోమవారం నిజం చెప్పేద్దామని ఆయన అనుకున్నాడనే అనుకుందాం. మెట్లెక్కేటప్పుడు అలాగే అనుకున్నానని తర్వాత ఆయనే ఇంట్లో చెప్పుకున్నాడు, నమ్మేవాళ్లు నమ్మవచ్చు. తీరా గదిలోకి వెళ్లేసరికి, ఆధారమేదని అడగకుండానే పెద్దాయనే మొదలుపెట్టాడు. ఆ దుకాణంతో తెగతెంపులు చేసుకున్నామన్నాడు. వదినగారిని గోడౌనుకు మార్చామన్నాడు. "మీ కళ్లు మామూలు కళ్లు కాదు సిద్ధాంతిగారూ, ఇంతకాలం ఎవరూ పట్టుకోలేనిది పట్టుకున్నారు," అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టయింది సిద్ధాంతికి. దగ్గాడు. గ్లాసులో నీళ్లు తాగాడు. అప్పటికీ నోరు తెరవడానికి వ్యవధి ఉంది.

"వేరే చిప్పు వేస్తే పనిచేసిందండీ," అన్నాడు.

తర్వాత ఆస్పత్రివాళ్లొచ్చారు. బల్ల మీది బోర్డు చక్కగా మాట్లాడింది. వాళ్లు సంతోషించారు. ఇకపై కంపెనీలోకొచ్చే ప్రతి సరుకు నాణ్యతా సిద్ధాంతి చూసుకుంటాడని పెద్దాయన ప్రకటించాడు. వదినగారు అప్పటికే కింద గోడౌనులో, కిటికీ లేని గదిలో, తుప్పుపట్టిన బ్రాకెట్ల మధ్య కూర్చుని ఉంది.

ఇంతటితో కథ కంచికి చేరేదే. కానీ ఇవాల్యుయేషన్ బోర్డును తీసుకెళ్లి ఎవరూ లిఫ్టులో పెట్టరు. దాని మీద పనిచేసిందాన్ని చూసి అసలు బోర్డు గియ్యాలి. ఆ గీసే పని ఎవరిదంటే సిద్ధాంతి బామ్మర్దిది, అంటే ఆయన భార్య తమ్ముడిది. అదే కంపెనీలో, అదే అంతస్తులో, అద్దం గోడకు అవతల. బావగారు గీసిచ్చిన బొమ్మలో చిప్పుకు ఆరు తీగలే ఉన్నాయి. మిగతా రెండూ కూడా గీస్తే, మొన్నటిదాకా లేనివి ఇప్పుడెందుకొచ్చాయని అడుగుతారు కదా. ఆ ప్రశ్నకు భయపడి, రేపు కళ్లకు గంతలతో ఎక్కేవాళ్ల లిఫ్టు మధ్యలో మూగబోతే పోనీలే అనుకున్నాడీ పెద్దమనిషి. అప్పటికి ఇంకో సిద్ధాంతం దొరక్కపోదని ఆయన ధైర్యం.

"బావా, హోల్డు కాలు వదిలేశావేంటి?" అన్నాడు బామ్మర్ది.

"అక్కర్లేదు. నేను నడిపించి చూపించాను కదా."

బామ్మర్ది వాదించలేదు. ల్యాబులోకి వెళ్లి బోర్డు చేతిలోకి తీసుకున్నాడు. చిప్పు పక్కన నల్ల టేపు కనిపించింది. గోటితో లేపి చూశాడు. తర్వాత నకిలీవని పక్కన పారేసిన చిప్పుల డబ్బా అడిగి తెప్పించుకున్నాడు. టేపు కింద రెసిస్టర్లు అలాగే ఉంచి, ఆ పాత చిప్పులు ఒక్కొక్కటే మార్చి చూశాడు. అన్నీ మాట్లాడాయి. అన్నీ సిద్ధాంతి గొంతుతోనే, అదే మాస్టారి ఉచ్చారణతో.

సాయంత్రం ఆ డబ్బా పట్టుకుని అక్కగారింటికి వచ్చాడు. బావగారు సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. బామ్మర్ది టీవీ కట్టేసి డబ్బా బల్ల మీద పెట్టాడు.

"ఇవన్నీ మంచివే బావా."

"ఎవరు చెప్పారు?"

"అవే చెప్పాయి. నువ్వు టేపు కింద దాచినవి ఉంచితే చెబుతున్నాయి, పీకేస్తే నోరు మూసుకుంటున్నాయి."

సిద్ధాంతి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రెసిస్టర్లు ముందుజాగ్రత్తకి పెట్టాను. అసలు కారణం చిప్పే. ఆదివారం మార్చాకే పనిచేసింది, కావాలంటే మీ అక్కనడుగు."

ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "మీరు చిప్పు మార్చలేదు," అంది. "ఇస్త్రీ చేస్తూ నేనక్కడే ఉన్నాను. ఏదో చదివారు. ముఖం మాడిపోయింది. చిన్నవేవో రెండు అతికించారు. నాతో ఎందుకు అబద్ధమాడారా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను."

సిద్ధాంతి ఇంకో వైపు నుంచి వాదన ఎత్తుకున్నాడు. "అయినా ఇప్పుడు వదినగారికొచ్చిన నష్టమేంటి? గోడౌనులో పనుండదు. ఫోన్లుండవు. చల్లగా ఉంటుంది. ప్రశాంతంగా ఉంది మనిషి."

"అంత బాగుంటే మీరే వెళ్లండి," అంది భార్య.

"రేపు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు బామ్మర్ది. "నేను చెబితే టేపు సంగతి కూడా చెబుతాను."

టేపు మాట వినగానే సిద్ధాంతికి ధర్మం గుర్తొచ్చింది. మర్నాడు పెద్దాయన గదికి వెళ్లాడు. డేటాషీటులో కొంత అస్పష్టత ఉందన్నాడు. లోతుగా పరిశీలించగా పాత సరుకు కూడా పనికొచ్చే అవకాశం కనిపిస్తోందన్నాడు. పెద్దాయన కూడా తక్కువ తిన్నవాడేం కాదు. "అయిపోయిన పెళ్లికి మేళమెందుకండీ ఇప్పుడు? ఆవిడను మార్చేశాం, మళ్లీ మారిస్తే నేను తొందరపడ్డానంటారు," అన్నాడు. ఇద్దరి ప్రాణాలూ ఒకేసారి కుదుటపడ్డాయి. సరిగ్గా అప్పుడే బామ్మర్ది తలుపు తోసుకుని వచ్చి, డబ్బా, బోర్డు బల్ల మీద పెట్టి స్విచ్చు వేశాడు. అంతస్తులన్నీ వరసగా వినిపించాయి. చిప్పు మార్చాడు, మళ్లీ వినిపించాయి. మూడో చిప్పు పెట్టబోతుంటే, "చాలు బాబూ, అర్థమైంది," అన్నాడు పెద్దాయన.

వదినగారిని పైకి పిలిచారు. ఆవిడ చేతులకు అంటిన తుప్పు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. మాట్లాడమని పెద్దాయన సిద్ధాంతికి సైగ చేశాడు.

"పొరపాటు జరిగిందమ్మా," అన్నాడు సిద్ధాంతి.

"జరగలేదండీ, చేశారు," అంది ఆవిడ.

అంతకు మించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది, ఆయనకు తిరిగి వాదించడానికి ఏదో ఒకటి దొరికేది. ఆ పూటే ఆవిడ తన కుర్చీలోకి తిరిగొచ్చింది. మొట్టమొదట పాత దుకాణానికి ఫోను చేసి, తప్పు మావైపేనని చెప్పింది. ఎవరి తప్పో అడిగితే చెప్పలేదట. ఆ తర్వాత ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. పార్టు చెడ్డదని ఎవరన్నా సరే, ముందు డేటాషీటులో ఆ పేజీ తెరిచి చూపించాలి. పెద్దాయన సరేనన్నాడు. నాణ్యత బాధ్యత సిద్ధాంతి చేతుల్లోంచి ఎప్పుడు జారిపోయిందో ఎవరూ ప్రకటించలేదు. ఆయన కూడా అడగలేదు.

బామ్మర్ది గీసిన బోర్డుకు ఎనిమిది తీగలున్నాయి. ఆస్పత్రిలో లిఫ్టు పెట్టారు. కట్లు కట్టుకున్నవాళ్లు గోడ తడుముకుంటూ ఎక్కుతారు, అంతస్తు పేరు విని దిగుతారు. పనిచేసే వస్తువును ఎవరూ పట్టించుకోరు గనక, దాని గురించి మరి చెప్పుకోడానికేం లేదు.

సిద్ధాంతి మారాడా అంటే, మారాడు. ఇప్పుడు ఆయన డేటాషీటుల మీద ఉపన్యాసాలిస్తున్నాడు. కొత్తగా చేరినవాళ్లను కూర్చోబెట్టి, గోడకున్న తెల్లబోర్డు మీద ఎనిమిది కాళ్ల చిప్పు బొమ్మ గీసి, గొంతు సవరించుకుని చెబుతాడు.

"ఒకప్పుడు మన ల్యాబులో ఒకాయన ఉండేవాడు. చదివే అలవాటు లేదు. ఈ రెండు కాళ్లూ గాల్లో వదిలేశాడు. సరుకు నకిలీదన్నాడు, ఆఫీసంతా అతలాకుతలం చేశాడు. చివరికి ఒక ఆదివారం నేను కూర్చుని, డేటాషీటు మొదటి నుంచి చదివి, హోల్డు కాలు దగ్గర పట్టుకున్నాను."

ఈమధ్య ఒకమ్మాయి చెయ్యెత్తి, "ఆయన ఇప్పుడెక్కడున్నారు సార్?" అని అడిగింది.

"మానేశాడమ్మా," అన్నాడు సిద్ధాంతి, కాస్త జాలిగా.

అద్దం గోడ అవతల కూర్చున్న బామ్మర్దికి ఆ మాట వినబడింది. సాయంత్రం అక్కగారింటికి వెళ్లి ఆవిడతో చెప్పాడు. ఆవిడ బియ్యం కడుగుతోంది. చెయ్యి ఆపకుండానే, "ఆ మానేసినాయన భోజనానికి వచ్చే వేళయింది, నువ్వూ ఉండి తినేసి వెళ్లు," అంది.